చెవి వెనక దారి

మా నాన్నకి ఎడమ చెవి వినపడదని మా వీధిలో అందరికీ తెలుసు. దానికి ఎవరూ బాధపడలేదు సరికదా, కాస్త గౌరవించారు కూడా. జంషెడ్‌పూర్‌లో కార్ఖానా మనుషుల ఇళ్ళలో చెవుడంటే జబ్బు కింద లెక్క లేదు, సర్వీసు కింద లెక్క. బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషికి గుసగుసలు వినపడుతున్నాయంటే, వీడు డ్యూటీలో ఎక్కడో పడి నిద్రపోతున్నాడని అనుమానించే ఊరు మాది. సీతారామ్‌డేరాలో మా క్వార్టర్ల వరసలో సాయంత్రం పూట వినిపించే కేకలకి కొత్తవాళ్ళు హడలిపోయేవారు. ఏ ఇంట్లోనూ తగాదా ఉండేది కాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని పెళ్ళాలు మొగుళ్ళని అడుగుతూ ఉండేవారు.

నాన్న చెవిని మేం 'ఫర్నేసు చెవి' అనేవాళ్ళం. ఎడమదే ఎందుకు పోయిందని అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"నాను నిలబడే కాడ గాలి గొట్టం ఎడం పక్కన ఉంటాది. రోజల్లా ఆ సెవిలోనే అరుత్తాది. మరి కుడి సెవెందుకు పోతాదే?"

అప్పటికి నాకు ఇరవై నిండాయి. పక్క వీధిలో తెలుగు బడిలో చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పేదాన్ని. అరవయ్యవ దశకం మొదలు అది. ఎక్కాలు చెప్పే బుర్రకి కూడా నాన్న జవాబు లెక్క తేలినట్టే కనపడింది.

పైగా ఫర్నేసు దగ్గర చెవితో పెద్ద పని ఉండదు. కరిగిన ఇనుమును బయటికి వదిలే కన్నం ఒకటి ఉంటుంది. దాన్ని తెరిపించడం, మళ్ళీ మట్టితో మూయించడం చూసుకునే కీపరు మా నాన్న. ఆ హోరులో పక్కనున్నవాడి కేక కూడా వినపడదు. చేతుల్లో పొడుగాటి ఇనపకడ్డీలుంటాయి కాబట్టి చేతులతో సైగ చెయ్యడానికీ వీలుండదు. అందుకని ఆ జట్టు మనుషులు మొహంతో మాట్లాడుకునేవారు. బుగ్గలు పూరిస్తే గాలి తగ్గించమని. పెదవి పక్కకి లాగితే ఇనుము వెనక మురికి వచ్చేస్తోంది, చూసుకోమని. ఒక కన్ను గట్టిగా మూస్తే దూరం జరగమని. రెండు కనుబొమలూ పైకి లేపితే పని అయింది, టీ తాగుదామని. ఒరియా మేస్త్రీకి, బిహారీ కూలీలకి, సంతాలు కుర్రాళ్ళకి, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాన్నకి ఇదొక్కటే ఉమ్మడి భాష.

ఆ భాష ఇంటికి కూడా వచ్చేసింది. అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో నాన్న కూర్చున్న చోటు నుంచి కనుబొమలు ఎగరేస్తే ఆవిడ సిగ్గుపడి లోపలికి పారిపోయేదట. "పట్టపగలు ఈ మనిషికి ఏటీ సరసం అనుకున్నాను. టీ అడుగుతన్నాడని నాకేటి తెలుసు?" అని ఆవిడే చెప్పి నవ్వేది. నాకు తెలిసేసరికి మాత్రం నాన్న కనుబొమలు లేవడం, అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టడం ఒకే పనిలా జరిగిపోయేవి. మధ్యలో ఆలోచన కూడా ఉండేది కాదు.

తరవాత నాన్న సైకిలు ఎడమ పక్కకి లాగడం మొదలుపెట్టింది. తిన్నగా వస్తూ వస్తూ పక్కింటి కంచెలోకి పోయేది. సైకిలు వంకరని రెండుసార్లు బాగు చేయించాడు. ఆ పైన నడకలో కూడా తూలడం మొదలైంది. హండియా బియ్యంకల్లు తాగి డ్యూటీకి వచ్చాడని షిఫ్టు పెద్ద ఒకడు ఆయన్ని ఇంటికి పంపేశాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి! నేను బడి వదిలి ఫర్నేసు గేటు దాకా పోయి ఆ పెద్దమనిషిని నాలుగు కడిగేద్దామనుకున్నాను. అమ్మ అడ్డం నిలబడింది. ముందు నాన్న దగ్గరికెళ్ళి మూతి వాసన చూసింది.

"ఏటే, నువ్వు కూడానా?" అన్నాడు నాన్న.

"నాను సూత్తన్నది వాసన కాదు మావా. నీ పెదం మీద మెతుకున్నాది. పొద్దున్న తిన్నది. నీకు తెలీలేదేటి?"

తెలీలేదు. ఎడమ బుగ్గ, పెదవి మొద్దుబారిపోయాయి. గడ్డం గీసుకుంటూ కోసుకున్నా తెలిసేది కాదట. మమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు.

ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చెవుల డాక్టరు రెండు కొమ్ముల ఇనప కడ్డీ ఒకటి మోగించి చెవి దగ్గర పెట్టి చూశారు. తరవాత కాస్త దూది తీసి, వేళ్ళతో పోగులా సన్నగా మెలిపెట్టి, దాని కొసతో నాన్న కుడి కంటి నల్లగుడ్డును తాకించారు. రెండు కళ్ళూ టక్కున మూసుకున్నాయి. అదే దూది ఎడమ కంటికి తాకించారు. ఏ కన్నూ కదల్లేదు. కంట్లో దూది పెట్టుకుని మా నాన్న గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

"చెవి ఎన్నాళ్ళుగా వినపడదు?" అని హిందీలో అడిగారు డాక్టరు.

"అది ఫర్నేసు చెవండీ" అన్నాను నేను, ఇంకేం అడగక్కర్లేదన్నట్టు.

ఆయన నా వంక చూసి, "హోరు ఒక చెవిని తిని రెండోదాన్ని వదిలెయ్యదమ్మా. కార్ఖానా చెవుడు రెండు చెవులకీ వస్తుంది. ఒక్కటే పోయిందంటే లోపల ఇంకేదో ఉంది" అన్నారు.

అంత చిన్న మాట. మా వీధిలో చెవుడు లేని ఇల్లు లేదు. అందుకేనేమో ఆ మాట ఒక్కరికీ తట్టలేదు. ఇంకే ఊళ్ళోనైనా ఒక చెవి పోయిన మనిషిని మొదటి ఏడే వైద్యుడి దగ్గరికి లాక్కుపోయేవారు. మేం పేరు పెట్టుకుని మురిసిపోయాం.

ఎక్స్‌రే తీశారు. చెవి నరం లోపలికి పోయే ఎముక కన్నం కుడి పక్క సన్నగా, గొట్టంలా ఉంది. ఎడమ పక్క అది సన్నాయి మూతిలా విచ్చుకుని ఉంది. లోపల ఏదో ఏళ్ళ తరబడి పెరుగుతూ ఎముకని ఒరుసుకుని దారి వెడల్పు చేసుకుంది. కలకత్తా వెళ్ళమన్నారు. టాటానగర్‌లో పొద్దుటి బండి ఎక్కాం.

కలకత్తా సర్జన్ బక్కపల్చటి మనిషి. బెంగాలీ యాస హిందీ. మేం కూర్చోగానే ఆయన బల్ల మీదున్న నిజం పుర్రె ఒకటి ముందుకు జరిపి, డబ్బా మూత తీసినట్టు దాని పై భాగాన్ని ఎత్తేశారు. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను.

తల అంటే గుండ్రటి గిన్నె అనుకునేదాన్ని. లోపల చూస్తే దానికో నేల ఉంది. ఆ నేల చదునుగా లేదు. నుదుటి వెనక ఒక మెట్టు, దాని కింద ఇంకో మెట్టు, అన్నిటికన్నా వెనక లోతుగా మూడో మెట్టు. నేల నిండా కన్నాలు. ఇది చూపు పోయే దారి, ఇది బుగ్గకి స్పర్శ పోయే దారి, ఇది మింగడానికి, ఇది గొంతుకి, అని పెన్సిలు మొనతో ఒక్కొక్కటే చూపించారు ఆయన. ఇరవై ఏళ్ళుగా నేను మోస్తున్న తలలో ఇన్ని గదులు, ఇన్ని ద్వారాలు ఉన్నాయని నాకెవరూ చెప్పలేదు. ఆ గదిలో నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. గుడిలో కూడా నాకు అంత భయభక్తులు ఎప్పుడూ కలగలేదు.

"కంతి ఇక్కడుంది" అని అన్నిటికన్నా లోతైన మెట్టులో, ఒక మూల పెన్సిలు పెట్టారు. "పెద్దది. ఒక పక్క చెవి ఎముక, ఒక పక్క చిన్న మెదడు, లోపలి పక్క మెదడు కాండం. ఊపిరి, గుండె ఆ కాండం మీదే నడుస్తాయి."

"పైనుంచి తియ్యరా?" అన్నాను.

"పైనుంచి వస్తే మెదడంతా ఎత్తి పట్టుకోవాలి. అది ఒప్పుకోదు. చెవి ఎముకనే తొలుచుకుంటూ వెళ్ళేవాళ్ళు పై దేశాల్లో ఉన్నారని విన్నాను. నాకు తెలిసిన దారి చెవి వెనక నుంచి. మనిషిని కూర్చోబెట్టి, తల ముందుకి వంచి, ఇక్కడ ఎముక తీసి, చిన్న మెదడును కొద్దిగా పక్కకి జరిపి లోపలికి వెళ్తాను. కంతిని అంటిపెట్టుకుని ఏమేం ఉన్నాయో తెలీదు కాబట్టి పట్టుకుని లాగకూడదు. ముందు దాని పొట్ట కోసి లోపలిదంతా కొంచెం కొంచెంగా తోడేస్తాను. లోపల ఖాళీ అయ్యాక గోడలు వాటంతటవే లోపలికి కుంగుతాయి. అప్పుడు గోడని ముక్క ముక్కగా విడదీస్తాను."

తరవాత అసలు మాట చెప్పారు. మొహాన్ని కదిలించే నరం ఆ కంతి గోడ మీద నుంచే పోతుంది. కంతి దాన్ని లాగి లాగి పల్చటి పోగులా చేసేసి ఉంటుంది. చాలాసార్లు కంటికి కనపడను కూడా కనపడదు. కంతి మొత్తం తీస్తే ఆ నరం దాదాపు పోయినట్టే. ఎడమ పక్క మొహం జన్మంతా వేలాడిపోతుంది.

నేను తెలుగులో చెప్పాను. అమ్మ వెంటనే అంది. "మొకం పోతే పోనీమను. మనిషిని ఇమ్మను సాలు."

నాన్న ఒప్పుకోలేదు. సర్జన్ వైపు తిరిగి, "చెహ్‌రా హీ తో హమారా జబాన్ హై, సాబ్" అన్నాడు. మొహం పోతే మా దగ్గర మాట పోయినట్టే అని చెప్పి, లేచి నిలబడి, ఒక చేత్తో బల్ల పట్టుకుని, బుగ్గలు పూరించి చూపించాడు. పెదవి లాగాడు. కన్ను మూశాడు. ఒక్కొక్కదానికీ అర్థం చెప్పాడు. ఆ పెద్ద డాక్టరు కళ్ళజోడు సర్దుకుని, ఫర్నేసులో కొత్తగా చేరిన కుర్రాడిలా శ్రద్ధగా చూస్తూ ఉండిపోయారు. ఆఖరికి నాన్న రెండు కనుబొమలూ లేపాడు.

"ఇదేంటి?"

"టీ, సాబ్."

సర్జన్ నవ్వి బంట్రోతుని పిలిచి టీ తెమ్మన్నారు. టీ తాగుతూ చెప్పారు. "ప్రాణానికి ప్రయత్నం చేస్తాను. మొహానికి మాట ఇవ్వలేను. ఒకటి మాత్రం చెయ్యగలను. ఆఖరి పొర ఆ నరాన్ని వదలనని మొరాయిస్తే దాన్ని అక్కడే వదిలేసి బయటికి వచ్చేస్తాను. అది కొన్నేళ్ళకి మళ్ళీ పెరగొచ్చు. ఇష్టమేనా?"

నాన్న తలూపాడు. అమ్మ టీ ముట్టుకోలేదు.

వరండాలో అమ్మకి నాన్న తన పద్ధతిలో వివరించాడు. ఫర్నేసు చల్లార్చినప్పుడు అడుగున కొంత ఇనుము గడ్డకట్టి మిగిలిపోతుంది. దాన్ని సాలమండర్ అంటారు. "ఇంత ఇల్లంత ఉంటాది. పైనుంచి ఎవడెత్తగలడు? లాగితే అడుగు ఇటికలు కూడా ఊడొచ్చేత్తాయి. అందుకే పక్కనుంచి, అడుగునుంచి కన్నమెట్టి, ముక్కలు సేసి తీత్తాం. ఈయన సేసీది కూడా అదే కదేటే."

"అక్కడ తప్పు జరిగితే ఇటికలు పోతాయి మావా. ఇక్కడో?" అంది అమ్మ.

ఆపరేషన్ రోజుకి నాన్న జట్టు మనుషులు సెలవు పెట్టుకుని వచ్చారు, రక్తం ఇవ్వడానికి. కొలిమి ముందు నిలబడేవాళ్ళే గాని సూది చూస్తే సగంమంది మొహం అటు తిప్పుకున్నారు. ఆసుపత్రి వసారాలో నిశ్శబ్దం పాటించమని బోర్డు ఉంది. మిగతా రోగుల చుట్టాలు ఎంత గొంతు తగ్గించినా నర్సు వచ్చి కసిరేది. మావాళ్ళు మాత్రం రోజంతా మాట్లాడుకున్నారు, ఒక్క చప్పుడు లేకుండా. ఒరియా మేస్త్రీ బుగ్గలు పూరిస్తే అవతలి గోడ దగ్గరి కుర్రాడు తలూపేవాడు. నర్సు వాళ్ళని మార్చి మార్చి చూసి, వీళ్ళకి వేరే వార్డు కావాలేమో అన్నట్టు వెళ్ళిపోయింది.

పొద్దున తీసుకెళ్ళారు. మధ్యాహ్నమైంది. దీపాలు పెట్టే వేళ అయింది. అమ్మ ఏడవలేదు, దండం పెట్టలేదు, ఆ తలుపు కేసి చూస్తూ కూర్చుంది. నాకు ఆ పుర్రె నేలే కళ్ళముందు కనపడుతూ ఉంది. ఆ లోతైన మెట్టులో, ఆ మూల, నుదుటికి దీపం కట్టుకున్న ఒక మనిషి వేళ్ళు ఇప్పుడు ఉన్నాయి, చుట్టూ మా నాన్న ఊపిరి నడుస్తోంది అనుకుంటే నా ఊపిరి నాకు బరువైంది.

సర్జన్ బయటికి వచ్చేసరికి ఆయన నడుం తిన్నగా నిలబడడం లేదు. గోడకి ఆనుకుని చెప్పారు. "ఉన్నాడు. బాగానే ఉన్నాడు." తరవాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి ఎంత పెద్దదో చూపించారు. నిమ్మకాయ కన్నా పెద్దది.

"అంతా వచ్చిందా?" అన్నాను.

"లేదు. కమలాపండు తొక్కలాంటి పల్చటి ముక్క ఒకటి వదిలేశాను. నరం కనపడింది." ఆ మాట అంటున్నప్పుడు ఆ అలిసిపోయిన మొహంలో ఒక పసితనం వచ్చింది. "తడి దారం పోగులా ఉంది. కంతి గోడకి అతుక్కుపోయి ఉంది. ఇంకొంచెం లాగితే తెగిపోయేది. ఆపేశాను."

నేను ఇన్నేళ్ళలో ఎంతోమంది గొప్పవాళ్ళ గురించి విన్నాను. వాళ్ళు ఏమేం చేశారో విన్నాను. ఆ రోజు మాత్రం ఒక మనిషి అంత దూరం వెళ్ళి, అంతసేపు తవ్వి, ఇంకాస్త తీస్తే అంతా తీశానని చెప్పుకునే చోట చెయ్యి ఆపేశాడని విని నిర్ఘాంతపోయాను. అమ్మ లేచి ఆయన కుడి చెయ్యి పట్టుకుంది. కాళ్ళకి మొక్కుతుందనుకున్నాను. మొక్కలేదు. ఆ చేతిని వెల్లకిలా తిప్పి చూసింది, బోర్లా తిప్పి చూసింది, తరవాత జాగ్రత్తగా ఆయనకి తిరిగి ఇచ్చేసింది.

నాన్న బతికాడు. మొహం మాత్రం పడిపోయింది. తెగకపోయినా నరం నలిగింది, ఎప్పుడు తేరుకుంటుందో, తేరుకుంటుందో లేదో చెప్పలేమన్నారు. తేరుకున్నా కనుబొమ అన్నిటికన్నా ఆఖరున కదులుతుందట, ఒక్కోసారి అసలే కదలదట. ఇంటికి వచ్చాక అద్దం తిరగేసి గోడకి పెట్టించాడు. ఎడమ కన్ను మూసుకోదు కాబట్టి పడుకోబోయే ముందు అమ్మ చుక్కలమందు వేసి రెప్ప మీద ప్లాస్టరు అంటించేది. నీళ్ళు తాగితే ఆ పక్కనుంచి కారేవి. కార్ఖానాలో కీపరు పని ఇంకొకరికి ఇచ్చి ఈయన్ని సామాన్ల గదిలో కూర్చోబెడతామన్నారు. జట్టు మనుషులు చూడ్డానికి వచ్చినప్పుడు అలవాటుగా మొహాలతో పలకరించేవారు. నాన్న తల దించుకుని నోటితో జవాబు చెప్పేవాడు. అది చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని.

అమ్మ మాత్రం వదల్లేదు. వచ్చిన వారంలోనే ఒక పొద్దున నాన్న ఏమరుపాటున కనుబొమలు లేపబోయాడు. కుడిది లేచింది, ఎడమది అలాగే ఉంది. అమ్మ లోపలికెళ్ళి సగం గ్లాసు టీ తెచ్చి చేతిలో పెట్టింది.

"ఇదేటే?"

"సగమే అడిగినావు కదేటి. సగమే తెచ్చినాను."

ఎంత కర్కోటకురాలు అనుకున్నాను. నాన్న గ్లాసు కేసి చూశాడు, ఆవిడ కేసి చూశాడు, ఉన్న సగం మొహంతో నవ్వాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఆయనకి సగం గ్లాసే. ఎంత బతిమాలినా నిండు గ్లాసు ఇచ్చేది కాదు. "మిగతా సగం ఎప్పుడడుగుతావో అప్పుడిత్తాను" అనేది. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. కంటి రెప్ప కొంచెం కొంచెం వాలడం మొదలైంది. తరవాత మూతి మూల కదిలింది. నీళ్ళు కారడం తగ్గింది. కనుబొమ మాత్రం కదల్లేదు. చలికాలం వచ్చేసరికి దాని సంగతి ఎత్తడం మానేశాం.

ఆ రోజు ఆదివారం. నాన్న వాకిట్లో ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ లేచి లోపలికొచ్చి బొగ్గుల పొయ్యి మీద గిన్నె పెట్టి నీళ్ళు పోసింది. ఆ నీళ్ళు రోజూకన్నా ఎక్కువ ఉన్నాయి.

"ఎవరైనా వచ్చారా? నిండు గ్లాసుకి పెట్టావేం?" అన్నాను.

"మీ నాన్నకే. రెండూ లేపినాడు కదేటి" అంది ఆవిడ, టీ పొడుం డబ్బా కోసం చెయ్యి చాస్తూ.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. మరుక్షణం ఇద్దరం వాకిట్లో ఉన్నాం.

"మావా, మల్లీ అడుగు" అంది అమ్మ.

నాన్నకి ముందు అర్థం కాలేదు. తనకే తెలీదు మరి. మా మొహాలు చూసి మెల్లగా లేపాడు. కుడిది ఎప్పట్లాగే పైకి పోయింది. ఎడమది బియ్యపుగింజంత లేచి, కాస్త వణికి, అక్కడే నిలబడింది.

ఎక్కడో కలకత్తాలో ఆ సర్జన్ ఆ సమయానికి ఏం చేస్తున్నారో తెలీదు. ఆయన చెయ్యి ఆపిన చోటే మా నాన్న కనుబొమలో కదులుతోందనిపించింది నాకు. అమ్మ ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా అప్పుడు గడప మీద కూలబడి ఏడ్చింది. ఏరిన బియ్యం చాటలోంచి వాకిలంతా పడిపోయాయి.

నాన్న ఆవిడని ఏడవనిచ్చాడు. చాలాసేపయ్యాక చెయ్యి చాచి ఆవిడ తల మీద వేశాడు.

"ఏడుపు తరవాతేడుద్దువుగాని" అన్నాడు. "ముందు నా నిండు గ్లాసు తే."